పేరు తీసేశాక మిగిలిన మనిషి

"అరె, గిది మన ఆపానే గద!" అన్నాడు మా ఆఫీసు డ్రైవరన్న. చేతిలో టీ గ్లాసు, ముఖమంతా సంతోషం.

అప్పుడే ప్రెస్ నుంచి వచ్చిన పోస్టరు మా ముందు బల్ల మీద పరిచి ఉంది. వాతావరణ మార్పు మీద సమావేశం పెట్టి ప్లాస్టిక్ ఫ్లెక్సీ కడతారా అని మా ప్రాజెక్టుకు పెద్ద అయిన విదేశీ ప్రొఫెసర్ గారు అడ్డం పడితే బట్ట మీద వేయించాం. దాని మీద ఎవరి పేరూ లేదు, ఎవరి ఫొటో లేదు. ఎడమ పక్క సికింద్రాబాద్ మ్యాపు, అందులో ఒక ఎర్ర చుక్క. కుడి పక్క, ఎండ హెచ్చరిక పై ఆఫీసులో బయల్దేరి బస్తీకి చేరేలోగా ఎన్ని కుర్చీలు దాటాలో చూపించే నిచ్చెన బొమ్మ. మధ్యలో నేనే తెలుగులో రాసిన నాలుగు వాక్యాలు. ఆ నిచ్చెనలో అట్టడుగు మెట్టు మీద ఉన్న ఒక మహిళా కో-ఆర్డినేటర్ ఆర్డరు కోసం చూడకుండా, పొద్దున్నే గాలి వేడెక్కిందంటే తానే బస్తీకి వాయిస్ మెసేజ్ పెడుతుందని, ఫంక్షన్ హాలు షట్టరు ఎత్తించి, కూలర్లు వేయించి, కూలి పనివాళ్ళను, ముసలివాళ్ళను, పసిపిల్లల తల్లులను లోపల కూర్చోబెడుతుందని.

"ఆపా అని మీకెలా తెలిసిందన్నా?" అన్నాను. ఆపా అంటే ఉర్దూలో అక్క. బస్తీలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు.

"తెల్వకేంది మేడమ్? చుక్క స్టేషన్ పక్కన వెట్టిన్రు. లేడీస్ అన్నరు, ఫంక్షన్ హాల్ అన్నరు. గామె గాకపోతే ఇంకెవరున్నరు? మస్తు రాసిన్రు గని. ఆగున్రి, ఒక ఫొటో గొట్టి స్టేటస్‌ల వెడ్త. ఆపా ఖుష్ అయితది."

ఫోను తీశాడు. నేను ఆయన చేయి గట్టిగా పట్టేసుకున్నాను. అన్నేళ్ళ పరిచయంలో ఎన్నడూ అలా చేయలేదు.

"వద్దన్నా. ఎవరికీ చెప్పకండి."

"ఏందమ్మా, గంత పరేషాన్ అయితున్నరు? మంచిగనే రాసిన్రు గద!"

మంచిగా రాయడం వల్లే వచ్చింది ప్రమాదం.

రిటైరైనవాళ్ళు రాసుకునే జ్ఞాపకాలు రాయడానికి నా వయసు చాలదు. చిన్నవాడు పుట్టాక కొన్నేళ్ళు లాగి, ఈ మధ్యే ఉద్యోగం మానేశాను. కానీ ఇలాంటి పరిశోధన ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు ఫోన్ చేసి "అక్కా, పనెలా ఉంటుంది?" అని అడుగుతుంటారు. ఫోన్లో చెప్పలేక, ఇంట్లో అందరూ పడుకున్నాక వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ముందే ఒక మాట. ఇందులో నేను చిలకలగూడ అని రాస్తాను. అది చిలకలగూడ కాదు. ఫంక్షన్ హాలు అంటాను. అది ఫంక్షన్ హాలు కాదు. ఆమె నిజంగా "ఆపా"యేనా అని అడిగితే దానికీ జవాబు చెప్పను. ఎందుకో చివరిదాకా చదివితే తెలుస్తుంది.

మా ఆఫీసు సైనిక్‌పురిలో ఒక ఇంటి పై అంతస్తు. ఎండలు ముదురుతున్నాయని శాస్త్రవేత్తలు ఎప్పుడో చెప్పేశారు. మా పని ఆ తర్వాతది. హెచ్చరిక వచ్చాక ఎవరు కదలాలి, కదిలే అధికారం ఎవరికి ఉంది, ఆ అధికారం కాగితం దాటి వీధిలోకి వస్తుందా రాదా అన్నది. ఆరు దేశాల్లో ఆరు నగరాలు. ప్రతి నగరంలో ఒక బృందం అక్కడి మనుషులతో మాట్లాడి, విన్నది మిగతా ఐదు బృందాలకీ పంపాలి. అందరి మాటలూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒక్క ఊరిలో కనిపించనిది కనిపిస్తుందని ఆశ. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ హమాలీల నుంచి పెద్ద ఆఫీసుల దాకా తిరిగి మాట్లాడించడం, దాన్ని ఇంగ్లిష్‌లోకి, ఇంగ్లిష్‌లో వచ్చినదాన్ని తెలుగులోకి మార్చడం నా పని.

మాట్లాడిన మనిషి పేరు తీసేయాలి, హోదా ఉంచాలి. ఇది మా నియమం. మాకు మనిషికన్నా కుర్చీ ముఖ్యం. ఏ మెట్టు మీద ఉన్నవాళ్ళు ఏం చేయగలరో చెప్పకపోతే మా శాస్త్రమే లేదు. అందుకని పేరొక్కటి తీసేస్తే మనిషి దాగిపోతాడని ఆరు దేశాల పండితులూ నమ్మారు, నేనూ నమ్మాను. నేను రాసిన నాలుగు వాక్యాల్లో ఊరి పేరు లేదు. చుక్క పెట్టింది ప్రొఫెసర్ గారి చలిదేశంలో కూర్చున్న బృందం. అక్కడ అలాంటి కుర్చీలో చాలామంది ఉంటారు, చుక్క ఎవరినీ పట్టివ్వదు. నిచ్చెన గీసింది కెన్యా బృందం. దేనికది చూస్తే ఏ దోషమూ లేదు. మూడూ ఒకే బట్ట మీదికి వచ్చేసరికి మధ్యలో ఆపా నిలబడింది.

ఆపాది ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం. ఏటా రెన్యువల్ కావాలి, ఆ నెలలోనే ఉంది. ఆర్డరు లేకుండా హాలు తెరిపించడం ఆమె చేయకూడని పని. ఆ రెన్యువల్ చేతిలో ఉన్న పెద్దసారే మర్నాడు మా సమావేశానికి ముఖ్య అతిథి. ఈలోగా, ఆ రోజు సాయంత్రానికే, అదే పోస్టరు ఆరు నగరాల వెబ్‌సైట్లలోకి వెళ్ళాలి.

ఆ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా నచ్చిన అలవాటు ఒకటుంది. ఏ మీటింగైనా అందరికన్నా చిన్న ఉద్యోగి ముందు మాట్లాడాలి, ప్రొఫెసర్ గారు ఆఖరున. పెద్దవాళ్ళ మాట విన్నాక చిన్నవాళ్ళ నోట అదే మాట వస్తుందని ఆవిడ నమ్మకం. మన ఆఫీసుల్లో ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా. మొదటి నెలల్లో నాకు చెమటలు పట్టేవి. ఆ రోజు మాత్రం నా వంతు వచ్చేదాకా ఆగాల్సిన పని లేకపోవడం మేలైంది.

పోస్టరు లోపలి గదికి తీసుకెళ్ళి, సమావేశం కోసం వచ్చినవాళ్ళందరికీ చూపించి, డ్రైవరన్న అన్నది చెప్పాను.

ఇక్కడి మా బృందాన్ని నడిపే సార్ నవ్వారు. "చూడమ్మా, నువ్వు ఆఫీసుకు తాళం వేశాక మళ్ళీ మెట్లెక్కి వచ్చి లాగి చూసే మనిషివి. డ్రైవర్ మనల్ని అక్కడికి తీసుకెళ్ళాడు కాబట్టి గుర్తుపట్టాడు. మిగతావాళ్ళకెలా తెలుస్తుంది?"

"రేపు వచ్చేవాళ్ళకి డ్రైవరన్నకన్నా ఎక్కువ తెలుసు సార్. ఆమెను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది వాళ్ళే."

సార్ కళ్ళజోడు తీశారు. బట్ట మీదికి వంగి మళ్ళీ చదివారు. "అవును," అన్నారు నెమ్మదిగా, "నవ్వకుండా ఉండాల్సింది." ఇరవై మంది ముందు ఉపన్యాసం ఇస్తే ఒక్క మాట వెనక్కి తీసుకోని మనిషి ఆయన.

కెన్యా పరిశోధకుడు పొడగరి, ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం ఆడుతూ ఉండేవాడు. ఆయన బొటనవేలితో చుక్కను మూసి, "ఇప్పుడు?" అన్నాడు. ఫంక్షన్ హాలు అన్న మాట ఉంది కదా అన్నాను. దాన్ని మరో వేలితో మూశాడు. మహిళా కో-ఆర్డినేటర్ మిగిలింది. దాన్ని అరచేత్తో మూశాడు. "ఇప్పుడేం మిగిలింది? ఎక్కడో ఎవరో ఏదో మంచి పని చేశారు. ఈ సంగతి చెప్పడానికి మనం ఇన్ని విమానాలు ఎక్కి, ఇంత పొగ వదిలి ఇక్కడికి రావాలా?"

ప్రొఫెసర్ గారు అందరి మాటలూ అయ్యాక అడిగారు: "ఆమెను అడిగామా?"

"సంతకం తీసుకున్నాం," అన్నారు సార్.

"అది మనతో మాట్లాడటానికి పెట్టిన సంతకం. ఈ బొమ్మలో నిలబడటానికి కాదు." బ్యాగు భుజాన వేసుకున్నారు. "పదండి, అడుగుదాం."

రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి. ముందు రోజే దిగారు, నిద్ర సరిగ్గా లేదు. బయట ఎండ అట్లకాడ కాల్చి వాత పెట్టినట్టుంది. నేను ఫోన్లో అడిగి వస్తానంటే ఒప్పుకోలేదు. "ఫోన్లో ఆమె 'పర్వాలేదు' అంటుంది. మనుషులు ఫోన్లో అలాగే అంటారు. ముఖం చూడాలి."

చిలకలగూడలో హాలు లోపల తడిసిన గడ్డి వాసన, కూలర్ల హోరు. పెళ్ళి సింహాసనాలు ఒక మూలకు నెట్టి, చాపలు పరిచి ఉన్నాయి. ఆడవాళ్ళు పిల్లల్ని పక్కన వేసుకుని కునుకు తీస్తున్నారు. ఆపా గుమ్మం దగ్గర నీళ్ళ డ్రమ్ము ముందు నిలబడి, గ్లాసు కడగకుండా ముంచిన ఒకాయన్ని కడిగేస్తోంది. మమ్మల్ని చూసి అతన్ని వదిలేసింది.

"ఏంది బిడ్డ, గీ ఎండల తెల్లమ్మను దీస్కొచ్చినవ్? మొఖం టమాట లెక్కయింది పాపం. కూసోమను. ముందుగాల నీళ్ళు తాగమను."

ఫోన్లో పోస్టరు చూపించాను. మొదట నవ్వింది. "గింత పెద్దగనా? నా గురించేనా?" అని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివింది. రెండోసారి చదివేటప్పుడు నవ్వు కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చింది.

"గీ చుక్క ఎవరు వెట్టిన్రు?"

"వాళ్ళ దేశంలో కూర్చుని పెట్టారు ఆపా. వాళ్ళకు తెలియదు."

"రేపు మా పెద్దసార్ వస్తడా?"

"వస్తారు."

ఆపా పక్కనున్న కుర్చీలో కూలబడింది. "బిడ్డది ఇంటర్ సెకండియర్. నా రెన్యువల్ సుత గీ నెలలనే ఉన్నది. సార్ మంచోడే గని, నన్నడగకుండ ఎట్ల తీపిచ్చినవ్ అంటె నేనేం జెప్పాలె?"

ప్రొఫెసర్ గారు నా చెవిలో చెప్పింది నేను తెలుగులో అన్నాను. "మీరు వద్దంటే మొత్తం తీసేస్తాం. మీ సంగతి ఎక్కడా ఉండదు. మాకు నష్టమేమీ లేదు." ఆఖరి మాట అబద్ధం. ఆరు నగరాల రిపోర్టు మొత్తానికి ఆపా కథే గుండెకాయ అని ఆవిడే నాతో అన్నారు. నేను ఆ అబద్ధాన్ని ఉన్నదున్నట్టు అనువదించాను.

ఆపా లోపల పడుకున్నవాళ్ళ వైపు చూసింది.

"తీసేస్తె గదో తక్లీఫ్. నా ఒక్క హాల్‌తోని అయితదా? పక్క బస్తీల ఎవరు తీస్తరు? చెప్పాలె బిడ్డ. గని నేను చేసినట్టు ఉండొద్దు. గట్ల రాయొస్తదేమో అడుగు తెల్లమ్మను."

అడిగాను. ప్రొఫెసర్ గారు నవ్వి, "రాదు," అన్నారు. "ఇప్పటిదాకా అలా రాయలేదు. సాయంత్రంలోగా నేర్చుకుంటానని చెప్పండి."

"సాయంత్రమా? గంత జల్ది నేర్చుకుంటె మా బిడ్డకు సుత జెర చెప్పమను, మ్యాథ్స్ అస్సలొస్తలేదు."

తిరుగు దారిలో ఆవిడ కిటికీ బయటికి చూస్తూ అన్నారు: "నాకామె బాగా నచ్చింది. అందుకే చుక్క పెట్టమన్నాను, హాలు అన్న మాట ఉంచమన్నాను. నచ్చిన మనిషిని నలుగురికీ చూపించాలనిపిస్తుంది కదా." ముందు సీట్లో డ్రైవరన్న ఇంగ్లిష్ అర్థమైనట్టే తలూపాడు.

సాయంత్రం ఆరు నగరాలూ ఫోన్లో కలిశాయి. ఒక చోట తెల్లారుతోంది, ఒక చోట పొద్దుగుంకుతోంది. మా అత్తయ్య రెండుసార్లు ఫోన్ చేశారు, పిల్లలు నేనొస్తేగానీ తినమంటున్నారని. నేను కదల్లేకపోయాను.

ప్రొఫెసర్ గారు ఒకే ప్రశ్న వేశారు. "మీ ఊళ్ళో ఆర్డరు రాకముందే కదిలినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

అలవాటు ప్రకారం చిన్నవాళ్ళు ముందు. బ్రెజిల్ నుంచి పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి "ఒక నీళ్ళ ట్యాంకర్ డ్రైవర్," అంది. "రిపోర్టులో పెట్టలేదు. అది మా ఊరి వింత అనుకున్నాను." ఫిలిప్పీన్స్ అబ్బాయి ఒక నర్సు సంగతి చెప్పాడు. కెన్యా పరిశోధకుడు మా గదిలోనే ఉన్నాడు కదా, ఆయన వేళాకోళం మానేసి, తన ఊళ్ళో బడి గేటు తాళం తానే తీసే ఒక గుమాస్తా గురించి చెప్పాడు. "నియమం మీరే మనిషి కాబట్టి, నియమాల గురించి రాసే పుస్తకంలో అతనికి చోటు లేదనుకున్నాను." అలా ఒక్కొక్కరూ. ప్రతి బృందమూ తమ ఆపాను తమ ఊరికే ప్రత్యేకం అనుకుని పక్కన పెట్టేసింది. మేం ఒక్కళ్ళమే మా ఆపాను పట్టుకొచ్చి బట్ట మీద అచ్చు వేయించాం.

"అందరినీ కలిపి రాద్దాం," అన్నారు ప్రొఫెసర్ గారు. "ఆరు నగరాల్లోనూ అట్టడుగు ఉద్యోగులు ఆర్డరుకన్నా ముందు కదులుతున్నారు. ఎక్కడ, ఎవరు అన్నది చెప్పం. మ్యాపులు తీసేస్తాం, నిచ్చెనలు తీసేస్తాం."

దీని ఖరీదు ఆ గదిలో అందరికీ తెలుసు. ఆ మ్యాపులు ఆవిడ ఏళ్ళ తరబడి చేసిన పని. ఉద్యోగ జీవితానికి చివరి పుస్తకంగా వేసుకోవాలనుకున్నవి. బ్రెజిల్ అమ్మాయి థీసిస్ అంతా తన ఒక్క నగరం గురించే. ఆమె చెప్పింది: "ఆ అధ్యాయం పోతే నాకింకో ఏడాది పడుతుంది." ఎవరూ బతిమాలలేదు. తనే అంది: "సరే. మా ట్యాంకర్ డ్రైవర్‌కీ పిల్లలున్నారు, నలుగురు."

ఆపా ముఖం ఎలా ఉంటుందో కూడా ఎరగని పిల్ల అది. నేను మ్యూట్ నొక్కి ఏడ్చాను.

మడతపెట్టిన పోస్టరును కెన్యా ఆయన చంకన పెట్టుకున్నాడు. "మంచి కాటన్. చొక్కా కుట్టించుకుంటాను." "ఇస్తాను గానీ ముందు బ్లీచింగ్ వేయించండి," అన్నారు మా సార్, చేతిలోంచి లాక్కుని.

మర్నాడు పోస్టరు ఉండాల్సిన మా బోర్డు ఖాళీగా ఉంది. సార్ చేతి కాగితం చూసి కొత్త పేరాలు చదివారు. ఏ ఊరి పేరూ లేదు కాబట్టి అదంతా బయటి దేశాల సంగతే అనుకుని పెద్దసారు శ్రద్ధగా విన్నారు. మంచి మనిషే, ఆపా చెప్పింది నిజం. విన్నాక మెచ్చుకోలుగా తలూపి, వెనక వరుసల్లో కూర్చున్న బస్తీ సిబ్బంది వైపు తిరిగారు.

"చూశారా? ఆర్డర్ లేకపోయినా జనం కోసం కదిలారు. మన దగ్గర ఈ చొరవ ఎందుకు లేదు? ప్రతిదానికీ ఆర్డర్, ఆర్డర్ అంటారు." ఆయన చూపు ఆపా మీద ఆగింది. "ఏమ్మా, విదేశాల్లో మీలాంటివాళ్ళే కదా చేస్తున్నది. కొంచెం నేర్చుకోండి."

ఆపా లేచి నిలబడింది. "నేర్చుకుంట సార్," అని కూర్చుంది.

ఏమన్నారో చెప్పమని ప్రొఫెసర్ గారు నన్ను మోచేత్తో పొడిచారు. ఆవిడకూ, పక్కనున్న కెన్యా ఆయనకూ గుసగుసగా చెప్పాను. ఆవిడ ముఖం ముందు రోజు ఎండలోకన్నా ఎర్రగా అయింది. నా మణికట్టు పట్టుకున్నారు, గోళ్ళు దిగాయి. కెన్యా ఆయన ఫ్యాను రెక్కల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇలాంటి చోట మాట్లాడకుండా ఉండలేని మా సార్ గ్లాసెడు నీళ్ళు గటగటా తాగారు. ఒక్క మాట చాలు, ఆ అవమానం తీరిపోయేది. ఆ ఒక్క మాట ఎవరూ అనలేదు. ఎంతో చదివిన మనుషులు తెలిసిన సంగతి చెప్పకుండా కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి. నేను వాళ్ళందరినీ ఎంత గౌరవిస్తానో ఆ నిశ్శబ్దంలో నాకు తెలిసింది.

గ్లాసు కింద పెట్టి సార్ అన్నారు: "నేర్చుకుంటారు సార్. కానీ ఆర్డరుకు ముందే తలుపులు తీసినందుకు తప్పు పడతారేమోనని భయం ఉంటుంది కదా."

"ఎవరు తప్పు పడతారండీ? తీయమనండి. నేనేమైనా వద్దన్నానా?" అన్నారు పెద్దసారు, హాలంతా వినేట్టు.

టీ దగ్గర ఆపా నన్ను పక్కకు లాగింది. "నా పని నన్నే నేర్చుకోమన్నడు బిడ్డ! నవ్వాల్నా ఏడ్వాల్నా? గని 'వద్దన్ననా' అన్నడు జూడు, గంతమంది ముంగట. గది చాలు నాకు." తర్వాత బిస్కెట్ టీలో ముంచుకుంటూ, కొంచెం చిన్నబోయి, "ఒక్కసారి నేనే అని చెప్పబుద్దయింది గని," అంది.

పెద్దసారు మాట ఆర్డరుగా కాగితం మీదికి ఎక్కలేదు. ఆపా రెన్యువల్ మాత్రం వచ్చింది. మా రిపోర్టు చాలా ఆలస్యంగా బయటికొచ్చింది. చదివి తప్పులెంచే పండితుడొకాయన "ఇది ఏ నగరం సంగతో స్పష్టంగా లేదు" అని ఫిర్యాదు రాస్తే, ప్రొఫెసర్ గారు దాన్ని మాకందరికీ పంపి, కింద "అభినందనలు" అని రాశారు. బ్రెజిల్ అమ్మాయి ఏడాది ఆలస్యంగా డాక్టరైంది.

సమావేశం అయిన మర్నాడు పొద్దున బడికి తయారవుతూ పిల్లలు, రోజూ పడుకునేముందు చెప్పే కథేమైందని అడిగారు. వాళ్ళను రెండు రాత్రులు పట్టించుకోలేదు మరి. ఏదో ఒకటి చెప్పి తీరాలి. ఆర్డరు లేకుండా తలుపు తీసే మనిషి గురించి చెప్పాను. పాపకు ఏడేళ్ళు, ఏదీ సగంలో వదలదు.

"ఆమె పేరేంటి మమ్మీ?"

"చెప్పనని మాటిచ్చాను."

"ఎక్కడుంటుంది?"

"ఆరు ఊళ్ళలో ఉంటుంది."

చిన్నవాడు అది నమ్మేశాడు. పాప నమ్మలేదు. వాటర్ బాటిళ్ళ మూతలు ఇంకోసారి బిగించి, ఇద్దరి టోపీలూ సరిచేసి, నేను వాళ్ళకు చెప్పింది ఇది:

"ఎండలో వస్తుంటే ఎప్పుడైనా కళ్ళు తిరిగినట్టుంటే, దారిలో తలుపు తీసి చాపలు పరిచిన చోటు కనిపిస్తే, నన్ను అడగాలని ఆగకండి. లోపలికి వెళ్ళి కూర్చోండి. అక్కడెవరో నీళ్ళిస్తారు. వాళ్ళ పేరు అడగకండి. వచ్చేటప్పుడు మాత్రం గట్టిగా, వినపడేట్టు థాంక్స్ చెప్పి రండి. మేం ఎవరమూ చెప్పలేకపోయాం."